ఏ మొక్క మీద చూశారు?

పురుగు ఫొటో ఒకటి తీసుకెళ్లి కీటకశాస్త్రం చదివినవాళ్లకు చూపిస్తే, వాళ్లు ముందుగా రంగు గురించో రెక్కల గురించో మాట్లాడరు. "ఏ మొక్క మీద చూశారు?" అని అడుగుతారు. మొక్క పేరు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. మన దేశంలో సీతాకోకచిలుకలే 1,300 జాతులకు పైగా ఉన్నాయి. పెంకు పురుగుల లెక్క వేలల్లో ఉంటుంది. అంత గుంపులోంచి ఒక్కదాన్ని పట్టుకోవడానికి రంగు చాలదు, రంగు మోసం చేస్తుంది. తిండి అంత సులువుగా మోసం చేయదు.

మొక్కలు పారిపోలేవు కాబట్టి ఆకుల్లో విషం దాచుకుంటాయి. ఒక్కో మొక్కల కుటుంబానిది ఒక్కో రకం విషం. దాన్ని అరిగించుకునే విద్య ఏ పురుగు వంశానికి పట్టుబడితే ఆ మొక్క దానిదవుతుంది, మిగతా మొక్కలు దాదాపు పరాయివైపోతాయి. నిమ్మ, కరివేపాకు, మారేడు మన కంటికి ఒకదానితో ఒకటి సంబంధం లేని చెట్లు. వృక్షశాస్త్రంలో మూడూ ఒకే కుటుంబం. నిమ్మ సీతాకోకచిలుక ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే కనిపెడుతుంది. ముందుకాళ్లతో ఆకు మీద తట్టి, రుచి చూసి, ఈ మూడింటి మీదా గుడ్లు పెడుతుంది. పక్కనే ఉన్న జామచెట్టు వైపు చూడదు. హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో పెరడు లేకపోయినా మేడమీద కరివేపాకు కుండీ ఉంటుంది. దాని ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు కోసం వెతకండి. కాస్త పెద్దదయ్యాక అది ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి మెత్తటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. కరివేపాకు మీద ఈ వేషంలో ఉందంటే అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల, కాదంటే దాని దగ్గరి చుట్టమైన కామన్ మోర్మన్ పిల్ల. వెతకాల్సింది 1,300 జాతుల్లో కాదు, రెండింట్లో.

ఈ విద్య మొదలుపెట్టడానికి వానాకాలం మంచిదని పుస్తకాలు చెబుతాయి. కొత్తవాళ్లకు నేను ఎండాకాలమే మంచిదంటాను. వానలు పడ్డాక నేలంతా ఒక్కసారిగా పచ్చబడుతుంది. అడుగుకు పది రకాల మొలకలు, మొలకకు నాలుగు పురుగులు. చూసేవాడికి తల తిరుగుతుంది, వారం తర్వాత పుస్తకం అటక ఎక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అలా కాదు. ఒక్క ఏడాదే బతికే మొక్కలు చాలావరకు ఎండి గింజలు రాల్చి పోయి ఉంటాయి. మిగిలినవి వేరు లోతుకు దించుకున్న మొండివి, తడి దొరికినవి: జిల్లేడు, తంగేడు, సర్కారు తుమ్మ, గోడల్లో రావి, మురుగు తడి తాకే చోట గంగవాయిలి, కుప్పింటాకు. పచ్చటి ఆకు కరువైన రోజుల్లో ఉన్న పురుగులన్నీ ఈ కొన్ని మొక్కల దగ్గరికే చేరతాయి. చూడాల్సిన చోట్లు తగ్గుతాయి, నేర్చుకోవాల్సిన పేర్లూ తగ్గుతాయి.

పాతబస్తీలో అడవి ఎక్కడిదని అడగవచ్చు. మూసీ ఒడ్డున పురానా పూల్ దగ్గర మొదలుపెట్టండి. 1578లో కట్టిన ఆ వంతెన రాళ్ల సందుల్లోనే ఒక చిన్న తోట ఉంటుంది. దాయిరా మీర్ మోమిన్ లాంటి పాత ఖబ్రస్తాన్లలో సమాధుల మధ్య నేల ఎవరూ దున్నరు, మందు కొట్టరు. అక్కడ చూసుకునే పెద్దమనిషికి సలాం చెప్పి, ఎందుకొచ్చామో చెప్పుకుని లోపలికి వెళ్లడం మర్యాద. 19వ శతాబ్ది తొలి ఏళ్లలో 21 కమానులతో కట్టిన ఆనకట్ట వెనక మీర్ ఆలం చెరువు ఉంది. దాని అంచున గుర్రపుడెక్క, తుంగ, పొన్నగంటి. ఇంకా దక్షిణానికి పోతే బార్కస్ దాటాక పహాడీ షరీఫ్ బండరాళ్ల గుట్ట, దాని చుట్టూ తంగేడు పొదలు. మే నెలలో ఆరు గంటలకు ముందే తెల్లారుతుంది, ఎనిమిదిన్నర దాటితే రాయి కాలుతుంది. ఆ రెండున్నర గంటలే పని. పురుగుకూ అంతే. దాని ఒంటి వేడి చాలావరకు దాని చేతిలో ఉండదు, బయటి ఎండ మీద, గాలి మీద ఆధారపడి ఉంటుంది. పొద్దున్నే రెక్కలు విప్పి ఎండ కాచుకునే సీతాకోకచిలుక పదింటికల్లా ఆకు కిందికి చేరిపోతుంది. ఫొటో కావాలంటే అది ఎండ కాచుకునే వేళకే వెళ్లాలి.

జిల్లేడు దగ్గర మాత్రం ఎంతసేపైనా నిలబడవచ్చు. ముందు అది ఏ జిల్లేడో తేల్చుకోండి, మన దగ్గర రెండు జాతులున్నాయి. పూరేకులు పూర్తిగా విచ్చుకుని వెనక్కి వాలిపోయి, మధ్యలో కిరీటం ఒక్కటే నిటారుగా నిలబడి ఉంటే అది కలోట్రోపిస్ జైగాంటియా. రేకులు గిన్నెలా పైకి లేచి, కొసల్లో ముదురు ఊదారంగు ఉంటే కలోట్రోపిస్ ప్రోసెరా. పూజకు వెతికే తెల్లజిల్లేడు వేరే జాతి అనుకుంటారు చాలామంది. అది ఎక్కువగా మొదటి జాతిలోనే తెల్లగా పూసే మొక్క. తుంచితే కారే పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఆకు తిప్పి చూడండి గానీ తుంచకండి.

ఆకు అడుగున తెలుపు, నలుపు, పసుపు చారలతో, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములతో కనిపించేది ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు. శాస్త్రీయ నామం డానాస్ క్రిసిప్పస్. అది ఆకు తినే పద్ధతి చూడాల్సిందే. నేరుగా అంచు నుంచి కొరికితే జిగురు పాలు వచ్చి నోరు అంటుకుపోతుంది. అందుకని ముందు ఈనె కొరికి, పాల దారి తెంపి, అవతలి వైపు పాలు ఆగాక తీరిగ్గా తింటుంది. ఆ పాలలో గుండె మీద పనిచేసే విషాలున్నాయి. వాటి వల్ల జిల్లేడు జాతి మొక్కల మీద పెరిగే ఈ సీతాకోకచిలుకలు పిట్టలకు రుచించవు. ఒకసారి నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన పిట్ట, నారింజ రెక్కలకు నల్లంచు, కొసన తెల్లమచ్చలు ఉన్న ఆ రూపాన్ని మళ్లీ ముట్టదు. ఇది తెలిసినట్టే ప్లెయిన్ టైగర్ నింపాదిగా, కిందుగా ఎగురుతుంది. ఫొటో తీసేవాళ్లకు ఇంత సహకరించే సీతాకోకచిలుక ఇంకోటి లేదు. ఈజిప్టులో లక్సర్ దగ్గర సుమారు 3,500 ఏళ్ల కిందటి సమాధి చిత్రాల్లోనూ దీని బొమ్మ ఉంది.

అలా భయం లేకుండా ఎగిరేదాన్ని చూసి వేషం కట్టే ఇంకొకటి ఉంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది. మగది మాత్రం నల్లటి రెక్కల మీద పెద్ద తెల్లమచ్చలతో వేరే జాతేమో అనిపిస్తుంది. ఆడదానికి విషమేమీ లేదు, వేషమే దాని రక్షణ. తేడా వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో నల్లచుక్కలు మూడో నాలుగో గుంపుగా ఉంటాయి. వేషగత్తెకు పై అంచున ఒక్కటే మచ్చ. ఎగిరేటప్పుడు ఈ తేడా పట్టుకోవడం కష్టమే, కానీ అది గుడ్డు పెట్టే చోటు చూస్తే అనుమానం మిగలదు. ఎగ్‌ఫ్లైకి జిల్లేడుతో పనిలేదు, అది గంగవాయిలి వెతుక్కుంటుంది. మీర్ ఆలం మండీలో కుల్ఫా అని కట్టలు కట్టి అమ్మే కూర అదే. మురుగు కాలువ పక్కన నేలబారుగా, మందపాటి ఆకులతో, ఎర్రటి కాడలతో పాకే మొక్క మీద 'ప్లెయిన్ టైగర్' తచ్చాడుతోందంటే అది ప్లెయిన్ టైగర్ కాదు.

మళ్లీ జిల్లేడుకే వద్దాం. లేత కొమ్మ కొసన పసుపు రంగు పొడి అద్దినట్టు కనిపించేది పొడి కాదు, పేనుబంక. నల్లటి కాళ్లున్న ఈ పసుపు పేనుబంక జిల్లేడు మీద, గన్నేరు మీద ఎక్కువ. దాన్ని తినడానికి వచ్చేది అక్షింతల పురుగు: నారింజ రంగు వీపు మీద నల్లటి వంకర గీతలు. పిల్లలు దీన్ని చూసి సంబరపడతారు. రైతులకూ ఇది చుట్టమే. అయితే అక్షింతల పురుగుల్లోనే ఆకులు తినే చెడ్డ చుట్టం ఒకటుంది. వీపు నున్నగా మెరవక సన్నటి నూగుతో మసకగా ఉండి, 28 చుక్కలుంటే అది వంకాయ ఆకును జల్లెడ చేసే పెంకు పురుగు. దాన్ని జిల్లేడు మీద వెతికి లాభం లేదు. వంగ కుటుంబానికే చెందిన వాకుడు, ఉమ్మెత్త ఆకుల మీద చూడండి. నాకు తెలిసిన మేడతోటల వాళ్లలో చాలామంది మంచి దాన్ని చెడ్డదనుకుని చంపుతూ ఉంటారు. నున్నగా మెరిసే వీపును వదిలేయండి.

జిల్లేడు పూవుకు గిరాకీదారు నల్ల తుమ్మెద. పాత ఇళ్ల దూలాలకు గుండ్రటి బెజ్జాలు చేసి తిట్లు తినే తుమ్మెదే. జిల్లేడు పుప్పొడి పొడిలా రాలదు. రెండు చిన్న పొట్లాలుగా ఉండి, మధ్యలో సన్నటి చీలికున్న గట్టి ముక్కతో ముడిపడి ఉంటుంది. పూవు మీద వాలిన తుమ్మెద కాలు ఆ చీలికలో ఇరుక్కుంటుంది. బలంగా లాక్కుంటే పొట్లాల జత కాలికి తగులుకుని వస్తుంది. తరువాతి పూవు గాడిలోకి ఆ పొట్లం దిగబడితేనే కాయ. చిన్న ఈగలకు అంత బలం ఉండదు, కాలు ఇరుక్కుని అక్కడే చచ్చిపోయేవీ ఉంటాయి. ఇంత పెద్ద పొద ఇన్ని పూలు పూసి కాయలు నాలుగే కాయడానికి ఇదొక కారణం.

అదే తుమ్మెద తంగేడు దగ్గర ఇంకో పని చేస్తుంది. దాన్ని కంటితో కాదు, చెవితో గుర్తుపట్టాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడులో మకరందం ఉండదు. ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ సులువుగా ఇవ్వదు. కేసరాల సంచులు నిలువునా పగలవు, కొసన సన్నటి రంధ్రాలే ఉంటాయి. తుమ్మెద పూవును కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే కండరాలను మాత్రం అదిరేలా చేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. ఎగురుతూ వచ్చేటప్పటి మోత పూవు మీద వాలగానే పలచనై, సన్నగా, పైస్థాయికి మారుతుంది. రెండు నిమిషాలు నిలబడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది. తేనెటీగలకు ఈ విద్య లేదు, అవి రాలిన పొడి ఏరుకుంటాయి. పూవులో పొట్టి కేసరాలు తుమ్మెదకు మేత. పొడుగ్గా వంగి ఉన్న కేసరాల పుప్పొడి తుమ్మెద ఒంటికి దానికి అందని చోట అంటుకుని ఇంకో పూవుకు చేరుతుంది. తంగేడు ఆకుల మీద లేత పసుపు రంగు సీతాకోకచిలుకలు తిరుగుతుంటే అవి ఎమిగ్రెంట్లు. తంగేడు, రేల వాటి పిల్లల తిండి.

గోడల సంగతి వేరు. పాతబస్తీలో ఏ పాత గోడ చూసినా రావి మొలక ఉంటుంది. పిట్ట రావిపండు తిని గోడ మీద రెట్ట వేస్తే, సున్నం గచ్చు చీలికలో తడి చాలు, అది వేళ్లూనుతుంది. వేరు లావయ్యే కొద్దీ రాయి జరుగుతుంది. అందుకే కట్టడాలను కాపాడేవాళ్లు ఏటా ఈ మొలకలు పీకిస్తూ ఉంటారు, చార్మినార్ అయినా మసీదు గోడ అయినా. అది చేయక తప్పని పనే, వేరు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి లేతగా ఉన్నప్పుడే చేయాల్సిన పని. ఆ పిట్ట తిన్న గింజ మొలకెత్తిందంటే దాని వెనక ఒక కీటకం ఉంది. రావి, మర్రి, మేడి కాయలు నిజానికి కాయలు కావు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తులు. ఆ పూలను చేరే దారి కాయ కొసన ఉన్న సన్నటి రంధ్రం ఒక్కటే. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లుండే ఆడ కందిరీగ అందులో దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి. ఒంటి మీద తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పుట్టిన పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. అవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు బెజ్జం చేసి చచ్చిపోతాయి. ఆడవి ఆ బెజ్జంలోంచి పుప్పొడితో బయటపడి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. వేమన మేడిపండు పొట్టలో చూసిన పురుగులు చాలావరకు ఇవే. ఆయన చూపు సరైనదే. మనమే వాటిని కుళ్లు అనుకున్నాం. అవి లేకపోతే మేడికి గింజ లేదు.

ఇక్కడ కూడా మొక్కే పురుగు పేరు చెబుతుంది. రావిది ఒక కందిరీగ, మేడిది ఇంకొకటి, చాలావరకు ఒకదాని చెట్టు ఇంకొకదానికి పనికిరాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో అందం కోసం తెచ్చి నాటిన ఒక జాతి మర్రి ఏళ్ల తరబడి మొలిచే గింజ పెట్టలేదు. దాని కందిరీగ ఎలాగో అక్కడికి చేరాక గోడల్లో, వంతెనల సందుల్లో మొలవడం మొదలుపెట్టింది. పురానా పూల్ బాధ వాళ్లకూ అర్థమై ఉంటుంది.

గోడల మీదే ఇంకో కందిరీగ మట్టి తెచ్చి చిన్న కుండలు కడుతుంది. మన పెద్దలు దీని మీదే భ్రమరకీటక న్యాయం అనే మాట పుట్టించారు. కందిరీగ ఒక పురుగును గూట్లో పెట్టి, చుట్టూ ఝంకారం చేస్తూ ఉంటే పురుగు ధ్యానంలో కందిరీగగా మారిపోతుందని నమ్మకం. గూడులోకి పురుగు వెళ్లడం నిజం, కొన్నాళ్లకు కందిరీగ రావడం కూడా నిజం. మధ్యలో జరిగేది ధ్యానం కాదు. కందిరీగ గొంగళిపురుగును కుట్టి చచ్చుబడేలా చేసి, గుడ్డు పెట్టిన కుండలో చేర్చి మూత వేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ తాజా మాంసం తిని పెరిగి, రెక్కలొచ్చాక గోడ పగలగొట్టుకుని వస్తుంది. పాడైన గూడు ఒకటి విప్పి చూడండి. గొంగళిపురుగుల తొక్కలు ఉంటే కుండ కట్టే కందిరీగ, సాలీళ్ల ముక్కలు ఉంటే మట్టి గొట్టాలు కట్టే ఇంకో రకం. ఇక్కడ పురుగు పేరు చెప్పేది మొక్క కాదు, మిగిలిన ఎంగిలి.

గుర్తింపు తప్పితే ఎంత నష్టమో తెలిపే కథలు రెండు చెప్పుకోవాలి. ఒకటి మన ఊరిదే. 1895లో సికింద్రాబాద్ వచ్చిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా దోమ వల్ల వస్తుందన్న ఊహ పట్టుకుని రెండేళ్లు దోమలు కోసి చూశాడు. ఏమీ దొరకలేదు. అప్పటికి ఆయనకు దోమల జాతుల పేర్లు తెలియవు. బూడిద రంగువి, చారలవి అని గుర్తులు పెట్టుకున్నాడు. కోసినవన్నీ తప్పు దోమలే. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న గోధుమ రంగు దోమలు కొన్ని చేతికొచ్చాయి. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేత కుట్టించారు, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా లెక్కన ఇచ్చి. ఆగస్టు 20న బేగంపేటలో ఆ మచ్చ రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమ అనాఫిలిస్. ఈ రోజు బడిపిల్లలకు కూడా తెలిసిన గుర్తు: తోక పైకెత్తి, గోడకు ఏటవాలుగా కూర్చుంటుంది. మూసీ మురుగులో పుట్టే క్యూలెక్స్ గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. కాళ్లకు తెల్ల కట్లు ఉండి పగలు కుట్టేది డెంగీ తెచ్చే ఏడిస్. ఈ మూడూ మన ఇంట్లోనే దొరుకుతాయి, నడకకు వెళ్లనక్కర్లేదు.

రెండో కథ నాగజెముడుది. ఎర్రటి రంగు తీసే కొచినీల్ పురుగు కోసం ఈస్టిండియా కంపెనీ వాళ్లు తహతహలాడుతున్న కాలంలో, 1795లో బ్రెజిల్ నుంచి దాన్ని తెచ్చామనుకుని తెచ్చింది వేరే జాతి. రంగు నాసిరకం. కానీ ఆ పురుగు మన నేల మీద పెరుగుతున్న ఒక జాతి నాగజెముడును చాలా ప్రాంతాల్లో తుడిచిపెట్టేసింది. పొరపాటున తెచ్చిన పురుగే కలుపును అణచడానికి పనికొచ్చిందని గమనించి, 1926లో దక్షిణాదికి ఇంకో కొచినీల్ జాతిని శ్రీలంక నుంచి కావాలనే తెచ్చారు. గుట్టల దగ్గర నాగజెముడు మట్టల మీద తెల్లటి దూదిపింజల్లాంటివి కనిపిస్తే పుల్లతో నలిపి చూడండి. రక్తం రంగు వస్తే అదే.

కాలి కింద ఉండే మొక్కల్లో ఎన్ని పరాయి దేశాలవో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. గడ్డి చామంతి, వయ్యారిభామ, గుర్రపుడెక్క, సర్కారు తుమ్మ, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సర్కారు తుమ్మను 1870ల చివర్లో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం నాటారు. 1950ల్లో పుణెలో కంటపడిన వయ్యారిభామను తినడానికి 1984లో బెంగళూరులో మెక్సికో పెంకు పురుగును వదిలారు. ఎండల్లో ఆ పురుగు నేలలో దాక్కుని ఉంటుంది, మేలో వెతికితే దొరకదు. మన సొంత మొక్కల్లో కుప్పింటాకు సరదా అయినది. దాని వేరు వాసనకు పిల్లులు మత్తెక్కి దొర్లుతాయి. గలిజేరు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి, ఆ పేరుతో రెండు మొక్కలు చలామణీ అవుతాయి. పొడుగు కాడల చివర ఆవగింజంత గులాబీ పూలు గుత్తులుగా ఉంటే ఎర్ర గలిజేరు. మందమైన ఆకు మొదట్లో కాడ లేకుండా పూవు ఒదిగి ఉంటే తెల్ల గలిజేరు. రెండూ వేరు వేరు కుటుంబాలవి. మందుల కొట్టులో ఏది ఇచ్చారో ఎండిన వేరు చూసి చెప్పడం చాలా కష్టం.

తొలి వానకు మీకు తప్పకుండా ఎదురయ్యేది ఆరుద్ర పురుగు. ఎర్రటి మఖమల్ గుడ్డ తొడుక్కున్నట్టుండే దాన్ని అందరూ పురుగంటారు. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది. కీటకానికి ఆరే. ఆరుద్ర పురుగు సాలీళ్ల చుట్టం. తమాషా ఏమిటంటే దాని పసిపిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి, అది కీటకాల ఒంటిని పట్టుకుని బతుకుతుంది.

పరికరాలకు డబ్బు పెట్టనక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, జేబు పుస్తకం, ఫోను చాలు. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లు ఫొటో చూసి పేరు సూచిస్తాయి. సీతాకోకచిలుకల విషయంలో బాగానే చెబుతాయి, చిన్న పెంకు పురుగులు, ఈగల విషయంలో తరచూ మన దేశంలో లేని జాతుల పేర్లు ఇస్తాయి. యాప్ చెప్పిన పేరు కన్నా కుటుంబం పేరును నమ్మండి. పురుగును పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీశాక, అది కూర్చున్న మొక్క ఆకు, పూవు, మొత్తం చెట్టు కూడా తీయండి. ఇంకా తేలకపోతే మీర్ ఆలం చెరువుకు దగ్గర్లోనే అత్తాపూర్‌లో జూలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే రెండింటి ప్రాంతీయ కేంద్రాలున్నాయి. పేర్లు పెట్టడమే వాళ్ల వృత్తి.

చివరగా ఒక హెచ్చరిక. మే నెలలో బంజరు నేలల్లో, చెరువు గట్ల మీద ఆకులకు ముళ్లు, తెల్లచారలు, పసుపు పచ్చని పూలు ఉండి, తుంచితే పసుపు పాలు కారే మొక్క కనిపిస్తుంది. కొందరు బ్రహ్మదండి అంటారు, కొందరు పిచ్చికుసుమ అంటారు. ఎండిన కాయ విచ్చుకుంటే లోపల నల్లటి గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా చనిపోయారు. పిల్లలను నడకకు తీసుకెళితే ఈ మొక్కనే మొదట చూపించండి, దారిలో ఏరిన గింజ గానీ పండు గానీ నోట్లో పెట్టుకోవద్దని అక్కడే చెప్పండి.